నలభై ఏడో పేజీ

నూట నలభై రెండు. ఇత్తడి కొవ్వొత్తి స్తంభాలు, జత. నాది రెండు వందల పన్నెండు, అంటే ఇంకా డెబ్భై వస్తువులు. వేలం నడిపే దెబ్రూన గంటకి డెబ్భైకి తక్కువ కాకుండా లాగించేస్తాడు, చేతిలో ఆ చిన్న సుత్తి పట్టుకుని, రొట్టె ముక్కలు కోసినంత తేలిగ్గా. కాబట్టి ఇంకో గంట. గంటసేపు ఈ మడత కుర్చీలో కూర్చుంటే నడుము పట్టేస్తుందని తెలుసు, అయినా లేవను, లేస్తే చోటు పోతుంది. మూడో వరుస చివరి కుర్చీ నాది, ముప్పై ఏళ్ళుగా నాదే, ఇక్కడి నుంచి చూస్తే వెనక ఎవరు చెయ్యెత్తుతున్నారో ఎదుటి గోడమీద అద్దంలో కనిపిస్తుంది. ఈసారి ఆ అద్దం కూడా అమ్మకానికి పెట్టారు, వచ్చే నెల నుంచి నా వెనక ఏం జరుగుతోందో నాకు తెలియదన్నమాట. తడిసిన ఉన్ని కోట్ల వాసన, కాఫీ వాసన, చెక్కకి పట్టించిన మైనం వాసన. బయట వాన. గెంట్‌లో ఏప్రిల్ అంటే వానే, అలీడా ఉంటే గొడుగు మర్చిపోకు అనేది, మర్చిపోయాను. నూట నలభై మూడు. జింక బొమ్మ, కంచు, ఒక కొమ్ము లేదు. అదిగో, జింక వెనక, ఆ పొడవాటి బల్ల చివర, నల్ల పాలరాతి పీట మీద కూర్చుని ఉంది మా ఆవిడ, అంటే అలీడా కాదు, ఆ చదువుకునే ఆవిడ. బంగారు పూత వేసిన కంచు మనిషి, ఒళ్ళో పుస్తకం, పక్కన దీపం, దీపం కింద బల్ల ఉండాల్సిన చోట గడియారం. పొద్దున వస్తువులు చూసుకునే వేళలో వెళ్ళి కుడిచేతి చిటికెన వేలు తడిమాను. అతుకు తగిలింది. ఆ అతుకు నేను వేసిందే, పందొమ్మిది వందల డెబ్భై తొమ్మిదిలో, మా వంటింటి బల్ల మీద, చెయ్యి కాల్చుకుని మరీ.

"ఏమోయ్ హిలేర్, వచ్చేశావే" అంటూ ఒక్తావ్ పక్క కుర్చీలో కూలబడ్డాడు. వాడికి కాలవ గట్టున పాత సామాన్ల కొట్టుంది, నలభై ఏళ్ళుగా నాకు స్నేహితుడు, నలభై ఏళ్ళుగా నన్ను మోసం చేస్తూనే ఉన్నాడు, ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. "రావనుకున్నా. ఇంకా నల్ల టై కూడా తియ్యలేదు." నేను బల్ల చివరికేసి చూశాను. "సరేలే, దానికోసమేగా? నేను పాడనులే, నీ మీద జాలేసి" అన్నాడు. "నీ జాలి దాచుకో, నీ దగ్గర అంత డబ్బెక్కడిది" అన్నాను. నవ్వాడు. వాడు నవ్వితే కుర్చీ కిర్రుమంటుంది. పొద్దుట్నించీ ఇద్దరు అదే మాట అన్నారు, రావనుకున్నామని. నంబరు అట్ట ఇచ్చే బల్ల దగ్గర సబీన కూడా దాదాపు అదే. పదిహేనేళ్ళుగా ఆ బల్ల వెనకే ఉంది, నా పేరు అడక్కుండానే రాసేస్తుంది, ఇవాళ మాత్రం కలం పట్టుకుని ఆగిపోయింది. "మీరు... మీరే పాడతారా సార్? స్వయంగా?" అంది. "మరి నా బదులు ఎవరు పాడతారమ్మా" అన్నాను. ఏదో చెప్పబోయి పెదవి కొరుక్కుని అరవై ఒకటో నంబరు అట్ట చేతికిచ్చింది. భార్య పోయినవాడితో ఎలా మాట్లాడాలో జనానికి తెలియదు పాపం. రొట్టెల దుకాణం వాడు కూడా అంతే, నన్ను చూడగానే తక్కెడ కేసి చూస్తాడు, ఎందుకంటే అలీడా పడిపోయింది వాడి దుకాణంలోనే, వరసలో నిలబడి, ముందు ఇంకా ఇద్దరుండగా.

నూట యాభై తొమ్మిది. నది మీద మంచు, నూనె రంగులు, సంతకం లేదు. ఇలాంటి మంచు బొమ్మ ఈ ఊళ్ళో ప్రతి ఇంట్లోనూ ఒకటుంటుంది, మా ఇంట్లో రెండున్నాయి. నూట అరవై. ఎవరికీ అక్కర్లేదు. ఆ చదువుకునే ఆవిడని నేను కొన్నప్పుడు మాకు పెళ్ళై ఆరేళ్ళు. ఊరంతా తిరిగి పియానోలకి శ్రుతి సరిచేసి సంపాదించిన డబ్బు, అంతా తెచ్చి దానికి పోశాను. అలీడా తలుపు తీసి, నా చేతుల్లో దాన్ని చూసి, నన్ను చూసి, "ఇంత బరువు ఎత్తుకొచ్చావు, లోపల బంగాళాదుంపలేమైనా ఉన్నాయా?" అంది. తర్వాత దగ్గరికి వచ్చి ఆ పుస్తకంలోకి తొంగి చూసింది. "రెండొందల ఏళ్ళుగా ఒకటే పేజీ చదువుతోందా? మరీ ఇంత మందమతి ఏమిటి పాపం!" అప్పట్నించీ ఆ కంచు మనిషికి మా ఇంట్లో పేరు మందమతి. మందమతికి దుమ్ము పట్టింది, మందమతి ఐదు నిమిషాలు వెనక నడుస్తోంది. పగలంతా పియానోలు వినే చెవి నాది, దాని గంట మామూలు స్వరానికి ఒక పిసరు తగ్గు, ఆ తగ్గులోనే ఉండేది అందమంతా. దూరంగా ఎవరో పిలిచి, పిలిచినందుకు మొహమాటపడ్డట్టు ఉండేది. గంటకోసారి ఎన్నైతే అన్ని, అరగంటకి ఒకటి. అలీడా ఆస్పత్రిలో రాత్రి డ్యూటీ నర్సు. పొద్దున్నే వచ్చి పడుకునేది. నేను పడగ్గదిలో చలిమంట గూటి మీద పెట్టాను గడియారాన్ని, దానికి అదే తగిన చోటని. ఎనిమిదేళ్ళు. ఎనిమిదేళ్ళు ఆ మనిషి అరగంటకోసారి లేచింది.

ఇక్కడ నిజం చెప్పుకోవాలి, ఇంతమందిలో కూర్చున్నా నేను ఒక్కడినే కదా, నాతో నేను చెప్పుకోవడానికి ఇబ్బందేముంది. అమ్మెయ్యమని అలీడా ఎన్నడూ అనలేదు. "మెట్ల దగ్గర పెట్టకూడదా" అంది. ఇంకోసారి, "పగటిపూట ఆ గంట ఒక్కటీ ఆపెయ్యకూడదా" అంది, కళ్ళు వాచిపోయి. గంట కొట్టని గడియారం గడియారమే కాదని నేను ఉపన్యాసం ఇచ్చాను. ఆ వారమే బ్రస్సెల్స్ వర్తకుడొకణ్ణి పిలిచి, ఆమె నిద్రపోతున్నప్పుడు అమ్మేశాను. లేచి చూసి, గూడు ఖాళీగా ఉంటే, "ఏం చేశావు?" అంది. "నీ నిద్ర కొన్నాను" అన్నాను. ఆ మాట ముప్పై ఆరేళ్ళు వాడుకున్నాను. సందు దొరికిన ప్రతిచోటా. విందుల్లో, చుట్టాల ముందు, మా అలీడా నిద్ర చాలా ఖరీదండీ అని. అందరూ నవ్వేవాళ్ళు, ఆమె కూడా నవ్వేది, లేచి ప్లేట్లు తీసేది. క్షమించు అనే మాట ఎప్పుడూ అనలేదు. అనాలని తోచలేదంటే అబద్ధం. తోచినప్పుడల్లా ఏదో ఒక గడియారానికి కీ ఇస్తూ ఉండేవాణ్ణి.

నూట డెబ్భై నాలుగు. లోలకాలు, ఒక పెట్టెడు, విడివిడిగా. ఒక్తావ్ అట్ట ఎత్తాడు, ముప్పైకి వాడికే కొట్టేశాడు దెబ్రూన. "ఏం చేసుకుంటావురా ఇన్ని లోలకాలు" అన్నాను. "నీలాంటి పిచ్చివాళ్ళు చాలామంది ఉన్నార్లే" అన్నాడు. ఫిబ్రవరి చివర ఈ వేలం కేటలాగు మా ఇంటికొచ్చింది. ఎప్పుడూ ముందు నేనే చూస్తాను, ఆ రోజు నేను ఒక బడి పియానో దగ్గర ఉన్నాను, రిటైరయ్యాను గానీ పిలిస్తే వెళతాను. సాయంత్రం తిరగేస్తే నలభై ఆరు తర్వాత నలభై తొమ్మిది. ఒక కాగితం లేదు. చింపింది కాదు, స్కేలు పెట్టి నీటుగా కోసింది. ముద్రణ తప్పేమో అనుకుని మర్నాడు ఒక్తావ్ కొట్లో వాడి ప్రతి చూశాను. నలభై ఏడో పేజీ, పేజీకి నిండా బొమ్మ, మందమతి. ముప్పై ఆరేళ్ళ తర్వాత. బొమ్మలో ఆ చిటికెన వేలి అతుకు వెతికాను. తర్వాత కోపం వచ్చింది. ఇంటికెళ్ళి కోటు కూడా విప్పకుండా అరిచాను, "చచ్చేదాకా దాని మీద కక్షేనా నీకు? నాకు కనబడకుండా కోసి పారేశావా?" అలీడా బట్టలు మడతపెడుతోంది. "ఆ పేజీ నాకు కావలసొచ్చింది" అంది. "దేనికి?" "పొయ్యి రాజెయ్యడానికి." మాది గ్యాసు పొయ్యి. పైగా మూతి బిగించి నవ్వాపుకుంటోంది. ఆ నవ్వు చూసి ఒళ్ళు మండిపోయింది నాకు.

పదకొండు రోజులు మాట్లాడలేదు. డెబ్భై ఐదేళ్ళ ముసలాణ్ణి, మూతి ముడుచుకుని ఇంట్లో తిరిగాను. చెప్పాల్సినవి ఫ్రిజ్ తలుపు మీద చీటీలు. వెన్న అయిపోయింది. ప్లంబరు గురువారం వస్తాడు. ఆమె జవాబులు నర్సుల రాతలో, ముద్ద ముద్దగా, ఏడు అంకెకి మధ్యలో అడ్డగీతతో. అప్పుడప్పుడూ నావైపు చూసి అదే నవ్వు, అదే ఆపుకోవడం, నేను తల తిప్పేసుకోవడం. ఆఖరి చీటీ నాది, "రొట్టె లేదు" అని. ఆఖరి జవాబు ఆమెది, "తెస్తా" అని. అంతే. యాభై ఏళ్ళ కాపురం, వచ్చే నెల నాలుగో తారీఖుకి సరిగ్గా యాభై, ఇద్దరి మధ్యా ఆఖరి మాటలు రొట్టె గురించి, అవి కూడా మాటలు కాదు. దుకాణం నుంచి ఫోను వచ్చేసరికి నేను హాల్లో గోడ గడియారానికి కీ ఇస్తున్నాను. పద్నాలుగున్నాయి మా ఇంట్లో. ఇప్పటికీ ఆదివారం ఆదివారం అన్నిటికీ కీ ఇస్తాను, అన్నీ కొడతాయి, ఒకదాని వెనక ఒకటి. విసుక్కునే మనిషి లేకపోతే అవి ఇంత గట్టిగా వినిపిస్తాయని నాకు తెలియదు. వంటింట్లోకి పోయినా వినిపిస్తాయి, దుప్పటి ముసుగేసినా వినిపిస్తాయి. మొన్న మధ్యాహ్నం పన్నెండింటికి అన్నీ కలిసి మొదలుపెట్టేసరికి, "కాస్త నోరు ముయ్యండి" అని నేనే అరిచాను, అచ్చం ఆవిడ గొంతుతో.

నూట తొంభై, అద్దం. పోయింది, ఎవరో ఆంట్‌వెర్ప్ వాళ్ళకి. మరి ఎందుకొచ్చాను నేను? కొని ఏం చేస్తాను? పడగ్గదిలో, ఆమె పక్క వైపు, అదే గూటి మీద పెట్టి, చూడు, నువ్వు కోసి పారేసినా తెచ్చుకున్నాను అని ఖాళీ మంచానికి చూపిస్తానా? ఐదు వారాలుగా ఇదే నలుగుతోంది. గెలవాలని ఉంది. ఎవరి మీద గెలుస్తున్నానో తల్చుకోవాలని లేదు. ఒక్క సంగతి తెలిస్తే చాలు నాకు, ఆ పేజీ ఎందుకు కోసిందో. నిజంగా అంత ద్వేషమా, ఎనిమిదేళ్ళ నిద్రకి ముప్పై ఆరేళ్ళూ సరిపోలేదా? అడగడానికి మనిషి లేదు. ఈ గడియారం ఇంటికొస్తే మందమతి చెబుతుందా?

నూట తొంభై ఎనిమిది. కాఫీ మర. "నా పుస్తకంలో పాట ఉంది, రెండు వందలు" అన్నాడు దెబ్రూన. హాలుకి రాలేనివాళ్ళు ముందే కాగితం మీద ఎంతదాకా వెళతారో రాసిచ్చి పోతారు, వాళ్ళ తరఫున దెబ్రూనే పాడతాడు, పేర్లు ఉండవు, ఎవరో ఆయనకి కూడా తెలియదు, బల్ల దగ్గర సబీనకొక్కదానికే తెలుసు. పియానోల మీద తిరిగే రోజుల్లో నేనూ అలాగే రాసిచ్చేవాణ్ణి. దాంట్లో నాదొక కిటుకు ఉండేది. అందరూ నిండు వందల దగ్గర ఆగిపోతారు, అందుకని వంద మీద ఇంకో అరవై వేసి రాసేవాణ్ణి. ఈ సంగతి ఒక్తావ్‌కి కూడా చెప్పలేదు, చెబితే మర్నాటి నుంచి వాడూ అదే చేస్తాడు. ఒక్కసారి వంటింట్లో నోరు జారాను. అలీడా బల్ల దగ్గర కూర్చుని రొయ్యలు ఒలుస్తోంది, మా సముద్రపు సన్న రొయ్యలు, గోరంత, కిలో ఒలిస్తే గుప్పెడు రావు. వింటోందని కూడా అనుకోలేదు. "అరవయ్యే ఎందుకు, యాభై ఎందుకు కాదు?" అంది తలెత్తకుండా. "గంటకి అరవై నిమిషాలు కదా" అన్నాను. "ఓహో, గడియారానికి బక్షీసన్నమాట" అని, ఒలిచిన రొయ్య ఒకటి నా నోట్లో పెట్టింది. ఉప్పు ఉప్పుగా, చల్లగా. అది తొంభైల్లో ఎప్పుడో.

రెండు వందల పది. రెండు వందల పదకొండు, వెండి చెంచాలు, ఆరు. అట్ట పట్టుకున్న చెయ్యి చెమట పట్టింది. రెండు వందల పన్నెండు. సహాయకుడు మందమతిని రెండు చేతులా ఎత్తి చూపించాడు. హాల్లో కాస్త చడీచప్పుడూ తగ్గింది. "పారిస్ పని, బంగారు పూత కంచు, చదువుతున్న స్త్రీ, గంట కొట్టే స్థితిలో ఉంది" అన్నాడు దెబ్రూన. "నా పుస్తకంలో ఎనిమిది వందలు." ముందు వరసలో ఆకుపచ్చ శాలువా ఆవిడ తొమ్మిది అంది. ఫోన్లో ఎవరో వెయ్యి. పుస్తకం, శాలువా, ఫోను, పుస్తకం. నేను చెయ్యెత్తలేదు, అలవాటు, మొదట అరిచేవాళ్ళు అలిసిపోవాలి. పధ్నాలుగు వందల దగ్గర ఫోను వదిలేసింది. పుస్తకం పదిహేను అనగానే శాలువా తల అడ్డంగా ఊపింది. అప్పుడు ఎత్తాను. పదహారు. "కొత్త పాట, మూడో వరుస" అన్నాడు దెబ్రూన, నన్ను చూసి చిన్నగా తలవంచాడు. పుస్తకంలో పదిహేడు. నేను పద్దెనిమిది. పుస్తకంలో పందొమ్మిది. ఎవడు వీడు, ఎక్కడో వెచ్చగా కూర్చుని కాగితం మీద గీకిచ్చి పోయాడు, మొహం లేదు, కనుబొమ ఎగరెయ్యడు, చెమట పట్టదు. రెండు వేలు. పుస్తకంలో రెండు వేల నూరు. "పెంచు, పెంచు" అని ఒక్తావ్ మోచేత్తో పొడుస్తున్నాడు. మూడు వేల దాకా పోదామనుకునే వచ్చాను. రెండు వేల రెండొందలు అన్నాను, అట్ట ఊపి, గట్టిగా, వినపడాలని. దెబ్రూన పుస్తకంలోకి వంగి, కళ్ళజోడు సర్దుకుని, కాస్త నవ్వి చెప్పాడు.

"రెండు వేల రెండు వందల అరవై. నా దగ్గరే."

"అయిపోయింది!" అన్నాడు ఒక్తావ్ నా చెవిలో. "బేసి అంకె చెప్పాడంటే పుస్తకం అయిపోయినట్టే, ఇంకో నలభై వేసి ఎత్తు, నీదే!" అరవై. అరవై ఎవరు వేస్తారు? నేను వేస్తాను. నేను రాసివ్వలేదు, నేను ఇక్కడున్నాను. మరి నేను కాకపోతే. నోట్లోకి ఉప్పు రుచి వచ్చింది, చల్లగా. సబీన కలం పట్టుకుని ఆగిపోవడం, మీరే పాడతారా అనడం. స్కేలు పెట్టి కోసిన కాగితం. పారేసేదాన్ని ఎవరైనా స్కేలు పెట్టి కోస్తారా? పొయ్యి రాజెయ్యడానికి, అని మూతి బిగించడం. పదకొండు రోజులు ఆ నవ్వుని దాచలేక దాచిన మనిషి, నాలుగో తారీఖు దాకా ఎలాగైనా ఆపుదామని, మొగుడు మొహం గోడవైపు తిప్పుకుని తిరుగుతుంటే తిట్టకుండా, చెప్పెయ్యకుండా. నేను రాకపోతే పదిహేను వందలకే వచ్చేది ఆమెకి. ఏడు వందల అరవై యూరోలు పైకెక్కించింది నేనే. చెయ్యెత్తి, గొంతెత్తి, ఆవిడ మీద. "మూడో వరుస సార్, మళ్ళీ మీరేనా?" అన్నాడు దెబ్రూన. సుత్తి గాల్లో ఉంది. ఆయన మర్యాదస్తుడు, నాకోసం చాలాసేపే ఆగాడు. ఒక్తావ్ నా మోచెయ్యి పట్టుకుని పైకి లేపబోయాడు. నేను అట్టని మోకాళ్ళ మీద బోర్లించి, దాని మీద రెండు చేతులూ పెట్టి కూర్చున్నాను. సుత్తి పడింది. "పుస్తకానికి" అన్నాడు దెబ్రూన. "పిచ్చెక్కిందా నీకు!" అన్నాడు ఒక్తావ్. "ఏడుస్తున్నావెందుకురా, నలభై యూరోలకి?"

సబీన నన్ను చూడగానే లేచి నిలబడింది. "పేరు చెప్పకూడదు సార్, మా నియమం. పొద్దున మీరు అట్ట తీసుకుంటుంటే నోటిదాకా వచ్చింది. ఆవిడ నాతో ఒట్టేయించుకున్నారు కూడా, మీకు తెలిస్తే చంపేస్తానని." సొరుగులోంచి కాగితం తీసి నా ముందు పెట్టింది. దానికి గుండుసూదితో గుచ్చి నలభై ఏడో పేజీ. నంబరు తప్పు రాస్తానేమోనని బొమ్మతో సహా పట్టుకొచ్చారండీ అంది సబీన. ఆ ముద్ద రాతే. ఫిబ్రవరి ఇరవై ఏడు, ఏడు అంకెకి మధ్యలో అదే అడ్డగీత. 2260. అడుగున, ఇతర సూచనలు అని ఉన్న చోట, మామూలుగా ఎవరూ ఏమీ రాయని చోట, రెండు లైన్లు: "గంట కొడుతుందో లేదో దయచేసి చూడండి. కొట్టకపోతే నాకు వద్దు." దాని కింద సబీన రాత, వేరే సిరాలో: "చూశాం. కొడుతుంది."

"రాసిచ్చినవాళ్ళు పోతే ఆ పాట రద్దు చెయ్యొచ్చు సార్" అంది సబీన మెల్లిగా. "అప్పుడు వెనక పాట మీదే కాబట్టి మీకే వస్తుంది, మీ పేరు మీద, అరవై తక్కువకి. ఎలా రాయమంటారు?"

"గెలిచినవాళ్ళ పేరే రాయమ్మా" అన్నాను.

సామాను కట్టే ముసలాయన లోలకం ఊడదీసి పాత వార్తాపత్రికలో చుట్టాడు. దారిలో మోగకుండా గంట సుత్తిని దారంతో కట్టడం వాళ్ళ పద్ధతి, దారం తీశాడు, వద్దన్నాను. ఆయన భుజాలెగరేశాడు. నాలుగు గంటల ట్రాములో కిటికీ పక్కన కూర్చుని ఒళ్ళో పెట్టుకున్నాను, నా కోటు కప్పి, పుస్తకం ఒక్కటీ బయటికి కనిపిస్తూ. ఎదుటి సీటులో ఎవరో నడివయసు ఆవిడ, కిటికీ అద్దానికి తల ఆనించి, నోరు కొంచెం తెరుచుకుని నిద్రపోతోంది, పని నుంచి వస్తున్నట్టుంది. వంతెన దాటాక పట్టాలు వంకర తిరిగే చోట ట్రాము ఒక్కసారి ఊగింది, గంట మోగింది. ఒకటే. అదే పిసరు తగ్గు స్వరం. ఆవిడ ఉలిక్కిపడి లేచి, నన్నూ నా కోటునీ చూసింది.

"క్షమించండి" అన్నాను. ఇంత తేలికైన మాటా ఇది. "నిద్ర పాడుచేశాను, క్షమించండి" అన్నాను మళ్ళీ. నా కళ్ళు చూసి ఆవిడ కంగారుపడింది.

"అయ్యో, ఫర్వాలేదండీ" అంది బయటికి చూస్తూ, సంచీ అందుకుంటూ. "మంచిదే అయింది, నేను దిగాల్సిన చోటు దాటిపోయేదాన్ని."

ఆవిడ దిగిపోయింది. నేను గడియారాన్ని ఇంకాస్త దగ్గరికి లాక్కుని, పట్టాలు మళ్ళీ ఎక్కడ వంకర తిరుగుతాయా అని ఎదురుచూస్తూ కూర్చున్నాను.